మెరుపులు, తిమ్మిరి, గుండెలో చిన్న సందు: మైగ్రేన్‌తో నా నాలుగు నెలలు

2025 ఫిబ్రవరి 4, మంగళవారం, ఉదయం 11.10. టైము ఇంత కచ్చితంగా ఎందుకు గుర్తుందంటే, ఆ రోజు ఆస్పత్రిలో నలుగురు వేర్వేరుగా ఇదే అడిగారు.

షాపులో మందుల చీటీ చదువుతున్నాను. మందు పేరు మధ్యలో రెండక్షరాలు మాయమయ్యాయి. ఆ ఖాళీ చుట్టూ రంపం పళ్లలా ఒక మెరుపు గీత మొదలై, చిన్నగా ఎడమవైపు జరుగుతూ పెద్దదైంది. ఇంతవరకు నాకు కొత్తేం కాదు. కాలేజీ రోజుల నుంచి నెలకో, రెండు నెలలకో వస్తుంది, పోతుంది, ఆ వెనకే తలలో ఒక పక్క సమ్మెట పోటు. కొత్తది తర్వాత వచ్చింది. 11.25కి ఎడమచేతి వేళ్లు తిమ్మిరెక్కాయి. పది నిమిషాల్లో ఆ తిమ్మిరి మణికట్టు దాటి మోచేతికి, అక్కణ్నుంచి ఒక్క గెంతులో పైపెదవికి, నాలుకలో సగానికి వచ్చింది. షాపు కుర్రాడితో "మా ఆయనకి ఫోన్ చెయ్" అనబోతే మాట ముద్దగా వచ్చింది.

నాకు 37 ఏళ్లు. గుంటూరులో మందుల షాపు, ఫార్మసిస్టుని నేనే. పక్షవాతం లక్షణాలు జనానికి చెప్పేదాన్నే. చెప్పడం వేరు, సొంత నాలుక తిమ్మిరెక్కడం వేరు.

తర్వాత తెలిసిన సంగతి ముందే చెప్తాను. మైగ్రేన్ ఆరా (తలపోటుకి ముందు వచ్చే ఇలాంటి మెరుపులు, తిమ్మిరి) అయితే లక్షణాలు మెల్లగా పాకుతాయి. ఒకటి తగ్గుతుంటే ఇంకొకటి మొదలవుతుంది, ఒక్కొక్కటి 5 నుంచి 60 నిమిషాలు ఉంటుంది. పక్షవాతం సాధారణంగా ఒక్కసారిగా కొడుతుంది, చెయ్యీ మూతీ మాటా ఒకేసారి. మెరుపుల్లాంటి లేనివి కనిపించడం ఆరా, ఉన్న చూపు పోవడం ఎక్కువగా స్ట్రోక్. అయితే ఈ తేడా ఇంట్లో కూర్చుని మనం తేల్చుకోవడానికి కాదు. చెయ్యి మొద్దుబారడం మొదటిసారి అయినప్పుడు కాజువాల్టీకి పోవాల్సిందే. గడ్డ కరిగించే ఇంజెక్షన్‌కి మొదలైనప్పటి నుంచి నాలుగున్నర గంటలే గడువు. టైము అన్నిసార్లు అడిగింది అందుకే.

11.55కి ఒక ప్రైవేటు ఆస్పత్రి కాజువాల్టీలో ఉన్నాం. షుగర్ 104. బి.పి. 158/96. ఈసీజీ తీశారు, వెంటనే సీటీకి తోశారు. సీటీలో ఏమీ లేదంటే మా ఆయన కుర్చీలో వాలిపోయారు, గండం గడిచిందనుకుని. కాదు. సీటీ ముఖ్యంగా రక్తస్రావం లేదని చెప్పడానికే. కొత్తగా రక్తం ఆగిన చోటు మొదటి గంటల్లో అందులో సరిగ్గా కనిపించదు. అది చూపించేది ఎం.ఆర్.ఐ.లో డిఫ్యూజన్ అనే బొమ్మల వరస.

ఎం.ఆర్.ఐ. దగ్గర అసలు ఆలస్యం నా మెట్టెల వల్ల. పుస్తెలతాడు, చెవివి, పిన్నులు నిమిషంలో తీసేశాను. మెట్టెలు పెళ్లినాటివి. కుడికాలివి సబ్బునీళ్లకి వచ్చాయి. ఎడమది దారం చుట్టి లాగినా రాలేదు, చివరికి నర్సు కట్టర్ తెచ్చి కోసింది. ఇరవై నిమిషాలు పోయాయి. అప్పటికి తిమ్మిరి పూర్తిగా తగ్గింది, కుడి కణత దగ్గర పోటు మొదలైంది. ఆ పోటుతో ఆ డబడబ చప్పుడులో అరగంట పడుకోవాలి, తల కదపకూడదు, కడుపులో తిప్పుతోంది. ఇలాంటి స్థితిలో వెళ్లేవాళ్లు వాంతి ఆగే ఇంజెక్షన్ లోపలికి వెళ్లకముందే అడిగి వేయించుకోండి. నేను అడగలేదు, సగంలో బెల్లు నొక్కాను, మొదటి వరసలు మళ్లీ తీశారు.

రిపోర్టు సాయంత్రం 5కి వచ్చింది. కొత్త స్ట్రోక్ లేదు. కానీ కింద ఒక వాక్యం: మెదడులో రెండు వైపులా తెల్లపదార్థంలో చిన్న చిన్న చుక్కలు, ఇస్కీమిక్ (రక్తం చాలక వచ్చే) మార్పులు కావచ్చు అని. ఆ "కావచ్చు" నాకు ఆరు రాత్రులు నిద్ర లేకుండా చేసింది. ఈ చుక్కలు మైగ్రేన్ ఉన్నవాళ్లలో, ముఖ్యంగా ఆడవాళ్లలో, తరచుగా కనిపించేవేనని, చిన్న స్ట్రోకుల కింద లెక్క కావని ఆ సాయంత్రం ఒక్కరైనా చెప్పి ఉంటే బాగుండేది.

రాత్రి 9కి పంపించేశారు. బిల్లు 19,350. ఇన్సూరెన్స్ వాళ్లు ఇవ్వలేదు, 24 గంటల అడ్మిషన్ లేదని. అంతసేపటిలో సిగరెట్ అలవాటు ఉందా అని అడిగారు, గుండెజబ్బు వంశంలో ఉందా అని అడిగారు. ఏ మాత్రలు వాడుతున్నావని ఎవరూ అడగలేదు. నేనూ చెప్పలేదు. అవి మందులని నాకు తట్టనే లేదు.

ఫిబ్రవరి 10న న్యూరాలజిస్టు. టోకెన్ 31, మూడు గంటల పది నిమిషాలు ఎదురుచూపు, ఫీజు 700, లోపల తొమ్మిది నిమిషాలు. ఆ తొమ్మిది నిమిషాల్లో ఆయన వేసిన మొదటి ప్రశ్న, "తలనొప్పికి ముందు కంట్లో మెరుపులు వస్తాయామ్మా?" రెండో ప్రశ్న, "నెలసరికి ఏమైనా మాత్రలు వాడుతున్నావా?"

వాడుతున్నాను. ఇథినైల్ ఈస్ట్రాడియోల్ అనే ఈస్ట్రోజన్ 0.035, సైప్రోటిరోన్ 2 మిల్లీగ్రాములు కలిసిన మాత్ర. పీసీఓడీకి గైనకాలజిస్టు మూడు నెలలకని రాశారు. షాపు నాదే కాబట్టి రెండేళ్లు వేసుకున్నాను. చెప్తుంటే తల ఎత్తలేకపోయాను. ప్రపంచ ఆరోగ్య సంస్థ పెట్టిన అర్హతల పట్టికలో ఆరాతో వచ్చే మైగ్రేన్ ఉంటే ఈస్ట్రోజన్ కలిసిన గర్భనిరోధక మాత్రలు నాలుగో తరగతి, అంటే ఏ వయసులోనూ వాడకూడదు. ఇది నేను చదువుకున్న విషయమే. కానీ నా మెరుపులకి "ఆరా" అని నేనెప్పుడూ పేరు పెట్టుకోలేదు. ఎండ తగిలితే కళ్లు మసకబారడం అనుకుంటూ పదిహేనేళ్లు గడిపేశాను.

ఆయన చెప్పింది ఇదీ. ఆరా అంటే మెదడు పైపొర మీద నిమిషానికి సుమారు మూడు మిల్లీమీటర్ల వేగంతో పాకే ఒక విద్యుత్ అల. దాన్ని 1944లో బ్రెజిల్ శాస్త్రవేత్త లియావ్ కుందేళ్ల మెదడులో వర్ణించాడు. తిమ్మిరి వేళ్ల నుంచి పెదవికి గెంతడం కూడా అందుకే, మెదడులో చేతి చోటు పక్కనే మూతి చోటు ఉంటుంది. అల వెళ్లిన వెనక కాసేపు ఆ భాగానికి రక్తప్రసరణ తగ్గుతుంది. ఆరా ఉన్నవాళ్లకి గడ్డ వల్ల వచ్చే స్ట్రోక్ ముప్పు లేనివాళ్లతో పోలిస్తే దాదాపు రెట్టింపు. వయసులో ఉన్న ఆడవాళ్లకి ఆ ముప్పు మొదట్లో చాలా తక్కువ కాబట్టి, రెట్టింపైనా చిన్నదే. దాని మీద పొగ, బి.పి., ఈస్ట్రోజన్ మాత్ర చేరితేనే లెక్క మారుతుంది. "నీకు అందులో రెండున్నాయి, రెండూ తీసెయ్యగలిగినవే" అన్నారు. ఆ ముక్కతో ఆరు రోజుల భయం సగం దిగింది.

మాత్ర ఆ రాత్రి నుంచే ఆపమన్నారు. దాంతోపాటు నొప్పి మాత్రల లెక్క అడిగారు. బిల్లులుండవు కదా, చెత్తబుట్టలో ఖాళీ స్ట్రిప్పులు లెక్కపెట్టి జనవరిలో 14 రోజులు అని తేల్చాను. అసిక్లోఫెనాక్, పారాసిటమాల్ కలిసిన మాత్ర, మధ్యలో ఎర్గోటమిన్, కెఫీన్ ఉన్నది. మామూలు నొప్పి మాత్ర నెలకి 15 రోజులు, ఎర్గోటమిన్, ట్రిప్టాన్ (మైగ్రేన్ పోటుకే వాడే మాత్రలు), కలిపిన మందులు 10 రోజులు దాటి మూడు నెలలు వాడితే ఆ మందే తలనొప్పి తెప్పిస్తుంది. పైగా అసిక్లోఫెనాక్ లాంటివి బి.పి.ని పెంచుతాయి. ఎర్గోటమిన్ రక్తనాళాల్ని బిగిస్తుంది. క్లారిత్రోమైసిన్ లేదా ఎరిత్రోమైసిన్ కోర్సుతో కలిసి పడితే ఆ బిగింపు వేళ్లు నల్లబడేదాకా పోవచ్చు. దగ్గుకి యాంటీబయాటిక్, తలనొప్పికి ఈ మాత్ర ఒకే కవర్లో కట్టించుకునే వాళ్లని రోజూ చూస్తాను, అందుకే ఇక్కడ ఆగి చెప్తున్నాను.

హార్మోన్ మాత్ర, నొప్పి మాత్రలు రెండూ ఒకేసారి ఆపడం వల్ల ఫిబ్రవరి 12 నుంచి 19 దాకా నరకం. స్ట్రిప్పు మధ్యలో ఆపితే ఈస్ట్రోజన్ ఒక్కసారిగా పడిపోతుంది, ఆ పడిపోవడమే మైగ్రేన్‌ని లేపుతుంది. మూడో రోజు బ్లీడింగ్, అదే రోజు నుంచి తలపోటు. వాంతులకి మాత్ర, చీకటి గది, మజ్జిగ, ఉప్పు వేసిన గంజి. మూడు, నాలుగు రోజులు అన్నిటికంటే ఘోరం. ఆ తర్వాత తొమ్మిదో రోజు పొద్దున లేస్తే తల తేలిగ్గా ఉంది. ఎన్నాళ్లకో అలా లేచాను.

గైనకాలజిస్టు (ఫీజు, స్కానింగ్ కలిపి 1,700) వేరే దారి రాశారు: బరువు తగ్గడం, మెట్‌ఫార్మిన్, రెండు మూడు నెలలకోసారి పది రోజులు మెడ్రాక్సీప్రొజెస్టిరాన్ (ఈస్ట్రోజన్ లేని హార్మోన్ మాత్ర). పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ అయింది కాబట్టి గర్భనిరోధం బాధ నాకు లేదు. లేనివాళ్లకి కాపర్ టీ నిక్షేపంగా పనికొస్తుంది.

మన దగ్గర ఎక్కువగా వాడే ఇంకో మాత్ర సంగతి. తిరుపతి ప్రయాణమనో, వ్రతమనో నెలసరి వాయిదా వేసుకోవడానికి నోరెథిస్టిరోన్ 5 మి.గ్రా. మూడు పూటలా వేసుకుంటారు. అందులో ఈస్ట్రోజన్ లేదుగా అనుకుంటాం. కానీ ఆ మోతాదులో కొంత భాగం ఒంట్లో ఇథినైల్ ఈస్ట్రాడియోల్‌గానే మారుతుంది. మెడ్రాక్సీప్రొజెస్టిరాన్ అలా మారదు. మెరుపులు వచ్చేవాళ్లు వాయిదా మాత్ర అడిగేటప్పుడు ఆ ముక్క డాక్టరుకి చెప్పి తీరాలి.

రక్తపరీక్షలు ఫిబ్రవరి 11నే ఇచ్చాను, 3,150. ఎల్.డి.ఎల్. (చెడు కొలెస్ట్రాల్) 148, మూడు నెలల సగటు షుగర్ 5.8, బి12 172, హోమోసిస్టీన్ 31. ఆ 31 చూసి మళ్లీ గుండె దడ, రక్తం గడ్డకట్టే గుణానికి అదొక గుర్తు కదా. కాస్త ఆలోచిస్తే అసలు సంగతి వెలిగింది. ఇంటికొచ్చి రక్తం తీసిన కుర్రాడు ఇంకో నాలుగిళ్లు తిరిగి ల్యాబ్‌కి వెళ్లాడు. హోమోసిస్టీన్ ట్యూబు ఐసులో పెట్టాలి, గంటలోపు సీరం వేరు చెయ్యాలి. లేకపోతే రక్తకణాలు దాన్ని వదులుతూనే ఉంటాయి, గంటగంటకీ అంకె పెరుగుతుంది. స్వయంగా ల్యాబ్‌కి పోయి మళ్లీ ఇచ్చాను, ఇంకో 1,100. ఈసారి 19. అదీ ఎక్కువే, కానీ తక్కువగా ఉన్న బి12కి సరిపోయే ఎక్కువ. బి12 ఇంజెక్షన్లు మొదలుపెట్టారు. రక్తం గడ్డకట్టే గుణాన్ని పెంచే యాంటీఫాస్ఫోలిపిడ్ యాంటీబాడీల పరీక్ష 4,800, శాంపిల్ హైదరాబాద్ వెళ్లి రావడానికి ఐదు రోజులు. నెగెటివ్.

బి.పి. తేల్చడానికి ఏడు రోజులు ఇంట్లో కొలవమన్నారు. మిషను 1,950. మొదటి రెండు రోజులు 150 పైనే. తర్వాత డబ్బా మీద చదివితే పట్టీ 22 నుంచి 32 సెంటీమీటర్ల చేతికట. టేపు పెడితే నా జబ్బ 34. చిన్న పట్టీ కడితే అంకె ఎక్కువ చూపిస్తుంది. పెద్ద పట్టీ 650 పెట్టి కొని మళ్లీ మొదలుపెట్టాను. కాఫీ తాగి అరగంట అయ్యాక, వీపు ఆనించి, కాళ్లు నేలకానించి ఐదు నిమిషాలు కూర్చుని, పొద్దున రెండు, సాయంత్రం రెండు. మొదటి రోజువి వదిలేసి మిగతావాటి సగటు 137/88. ఇంట్లో 135/85 దాటితే బి.పి. ఉన్నట్టే.

మైగ్రేన్‌కీ బి.పి.కీ కలిపి మామూలుగా రాసేది ప్రొప్రనలాల్. నాకు చిన్నప్పుడు ఉబ్బసం ఉంది, దాంతో అది పనికిరాదు. క్యాండెసార్టాన్ రాశారు. బి.పి. మందే, నార్వేలో 2003లో వచ్చిన ట్రయల్‌లో 16 మి.గ్రా. మైగ్రేన్ రోజుల్ని తగ్గించింది. నా షాపులోనే లేదు, తెప్పించుకోవడానికి రెండు రోజులు. రోజుకి 4 మి.గ్రా.తో మొదలు, వారం తర్వాత 8, రెండు వారాల తర్వాత పొటాషియం, క్రియాటినిన్ (కిడ్నీల పనితీరు) చూసి 16. మొదటి వారం మంచం మీంచి గబుక్కున లేస్తే కళ్లు తిరిగాయి. గర్భం వచ్చే అవకాశం ఉన్నవాళ్లకి ఈ మందు ప్రమాదం, పిల్ ఆపేసిన ఆడవాళ్లు ఇది గుర్తుంచుకోవాలి.

ఇక గుండెలో సందు. కాజువాల్టీలో చూసిన హృద్రోగ డాక్టరు డిశ్చార్జి చీటీ మీద "బబుల్ ఎకో" (నరంలోకి బుడగలు ఎక్కించి తీసే గుండె స్కాన్) అని రాశారు. కడుపులో బిడ్డకి గుండె పై రెండు గదుల మధ్య తలుపులాంటి సందు ఉంటుంది. పుట్టాక మూసుకుంటుంది. పెద్దవాళ్లలో సుమారు నాలుగో వంతు మందికి పూర్తిగా మూసుకోదు, పి.ఎఫ్.ఓ. అంటారు. ఆరా ఉన్నవాళ్లలో ఇంకా ఎక్కువ మందికి ఉంటుంది. ఊపిరితిత్తుల్లో వడపోత కావాల్సిన చిన్న గడ్డలు అడ్డదారిన మెదడుకి పోతాయన్నది అనుమానం.

మార్చి 6, 3,500 రూపాయలు. జబ్బ మడతలో సూది గుచ్చి, మూడు దారుల కవాటానికి రెండు సిరంజిలు తగిలించారు. తొమ్మిది మిల్లీలీటర్ల సెలైన్, ఒక మిల్లీలీటరు గాలి, పిసరంత నా రక్తం. ఒక సిరంజి నుంచి ఇంకోదానికి గబగబా కొట్టి నురగ చేసి ఎక్కించారు. చెయ్యి చల్లగా జిల్లుమంది, అంతే. అసలు కష్టం "ముక్కండి" అన్నప్పుడు. పది సెకన్లు కడుపు బిగబట్టి ముక్కి, వాళ్లు "వదలండి" అన్న క్షణాన వదలాలి. బుడగలు దాటేది ఆ వదిలినప్పుడే. మొదటిసారి సిగ్గుకి సరిగ్గా ముక్కలేదు, రెండోసారి ముందే వదిలేశాను, రెండుసార్లూ ఏమీ కనిపించలేదు. మూడోసారి టెక్నీషియన్ నా పొట్ట మీద చెయ్యి వేసి, దాన్ని నెట్టమన్నాడు. మూడు గుండె చప్పుళ్లలోపే ఎడమ గదిలో బుడగలు, పదిహేను దాకా. ముందురోజు ఇంట్లో సాధన చేసి వెళ్లండి. సరిగ్గా ముక్కకపోతే పరీక్ష వృథా. ఈ పరీక్ష తర్వాత కొందరికి ఆరా వస్తుందట, అరగంట కూర్చోబెట్టారు. నాకు రాలేదు.

మార్చి 20న గొంతులోంచి ఎకో, 6,500. ఆరు గంటలు ఖాళీ కడుపు, గొంతుకి మొద్దుబారే స్ప్రే, మత్తు ఇంజెక్షన్, ఎడమవైపు తిరిగి పడుకోవడం. స్ప్రే చేదు, ఉమ్మి మింగలేమన్న భయం, అది తప్ప పెద్దగా గుర్తులేదు. తర్వాత రెండు గంటలు మంచినీళ్లు కూడా ఇవ్వలేదు, మొద్దుబారిన గొంతులో పొలమారుతుందని. సందు రెండు మిల్లీమీటర్లు. అక్కడ గోడ మెత్తబడి ఊగడం లేదు.

అదే రోజు చేతిలో అంచనా కాగితం పెట్టారు: డివైస్‌తో మూసేస్తే మూడు లక్షల ఎనభై వేలు, "తలనొప్పి కూడా పోవచ్చు." బంగారం లెక్కేసుకుంటూ ఇంటికొచ్చాం. న్యూరాలజిస్టు వద్దన్నారు. మరో హృద్రోగ నిపుణుణ్ని ఏప్రిల్ 3న కలిస్తే ఆయన నిదానంగా చెప్పారు. మైగ్రేన్ కోసమే సందు మూసి చూసిన ట్రయల్స్, 2008లో మిస్ట్, ఆ తర్వాత ప్రిమా, 2017లో ప్రీమియం, పెట్టుకున్న ప్రధాన లక్ష్యాన్ని ఒక్కటీ అందుకోలేదు. వేరే కారణం దొరకని స్ట్రోక్ వచ్చి, సందు కూడా ఉన్నవాళ్లకి మూయడం వేరే సంగతి, అక్కడ లాభం రుజువైంది. నాకు స్ట్రోక్ రాలేదు. మూస్తే నెలల తరబడి రక్తం పలచబరిచే మందులు, కొందరికి గుండె లయ తప్పడం. "నీ గుండెకి మేలు చేసింది నువ్వు ఆపేసిన మాత్ర, తగ్గించుకున్న బి.పి." అన్నారు. కాగితం మడిచి ఫైల్లో పెట్టాను.

నొప్పి వచ్చినప్పటికి రిజాట్రిప్టాన్ 10 ఇచ్చారు, అదీ బి.పి. దిగాక, ఈసీజీ చూశాక. ట్రిప్టాన్లు రక్తనాళాల్ని బిగిస్తాయి కాబట్టి గుండెజబ్బు, గతంలో స్ట్రోక్, అదుపులో లేని బి.పి. ఉంటే ఇవ్వరు. ప్రొప్రనలాల్ వాడేవాళ్లకి 5 మి.గ్రా. చాలు, ఆ మందు దీన్ని రక్తంలో పెంచుతుంది. ఎర్గోటమిన్‌తో 24 గంటల ఎడం ఉండాలి. మెరుపులప్పుడు కాదు, పోటు మొదలయ్యాక వేసుకోవాలి. మొదటిసారి వేసుకున్నాక గొంతు, ఛాతీ పైభాగం ఇరవై నిమిషాలు బిగుసుకున్నాయి. మళ్లీ ఈసీజీకి పరుగు, మామూలుగానే ఉంది. ఇది చాలామందికి వచ్చేదేనట. ముందే చెబితే ఆ పరుగు తప్పేది.

మొత్తం ఖర్చు, మందులు కాకుండా, 45 వేలు దాటింది. తలనొప్పి రోజులు జనవరిలో 13, మేలో 5. బి.పి. సగటు 124/80, ఎల్.డి.ఎల్. 118.

జూన్ 3 సాయంత్రం 4.40కి మెరుపులు మళ్లీ వచ్చాయి. కౌంటరు వెనక స్టూలు మీద గోడ గడియారం ఎదురుగా కూర్చున్నాను. 22 నిమిషాలు. చెయ్యి తిమ్మిరెక్కలేదు. 5.05కి మాత్ర వేసుకున్నాను, ఏడింటికి దుకాణం లెక్క చూసుకోగలిగాను. సెప్టెంబరు 8న మళ్లీ పొటాషియం, క్రియాటినిన్, బి12. కోసిన మెట్టె ఇంకా బీరువాలోనే ఉంది, అతికించి కాస్త వదులు చేయించాలి.